రెండోసారి అడగని ఊరు

గుడివాడలో అనంతపద్మనాభం మాస్టారి మీద ఒక వెటకారం ఉండేది. ఆయన్ని ఫిడేలు వాయించమని అడిగేముందు ఇంట్లో పనులన్నీ తెమిలాయో లేదో చూసుకోవాలనేవారు. అడిగిన మాట పూర్తికాకముందే ఆయన చాప మీద చతికిలబడేవారు మరి. పెళ్ళింట్లో ఆడపెళ్ళివారు మర్యాదకు "మీరూ ఒక కీర్తన..." అని నసిగితే చాలు, కమాను చేతిలోకి వచ్చేసేది. లోపల విస్తళ్ళు వేసేశారని ఎవరో వచ్చి కబురు చెప్పినా రాగం తెమిలేది కాదు. రైలుస్టేషను అరుగు మీద ఎవరో ముక్కూమొహం తెలియనాయన "పెట్టెలో ఏమిటండీ, ఫిడేలా?" అంటే, ఆ ప్రశ్నను కూడా అడగడం కిందే జమకట్టి అక్కడే వాయించిన మనిషి ఆయన.

నేను ఆయన దగ్గరే ఫిడేలు నేర్చుకున్నాను. మాస్టారికి పెద్దరికం తెలీదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది. అయినా పదిమందిలో ఆయన అలా ఎగబడి కూర్చుంటుంటే లోపల్లోపల నేనూ సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదని, లండన్‌లో ఒకే ఒక్క రోజున పట్టుకున్నదని తర్వాత తెలిసింది. ఆ రోజు సంగతి సగం మాస్టారే చెప్పారు. మిగతా సగం ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీలో ఇంజనీరుగా ఉన్న యుగంధర్ గారు చెప్పారు. మాస్టారు చెబితే అందులో భయం ఎక్కువ, యుగంధర్ గారు చెబితే తిట్లు ఎక్కువ. రెండూ కలిపి నేను చెబుతున్నాను.

ముందుగా ఒక మాట. మాస్టారి గురువు దైవాధీనం గారు మొవ్వ దగ్గర ఒక పల్లెలో ఉండేవారు. ఆయన శిష్యులకు సరళీ స్వరాల కంటే ముందు నేర్పింది అణకువ. పెద్దల సభలో వాయించమని అడిగితే మొదటిసారి "నాకేం వచ్చండీ" అనాలి. రెండోసారి అడిగితే గురువు మొహంకేసి చూడాలి. మూడోసారి అడిగితే దణ్ణం పెట్టి కమాను తియ్యాలి. మొదటి పిలుపుకే తీసినవాణ్ణి ఆయన ఆ సాయంత్రం పాఠానికి రానిచ్చేవారు కాదట. మన వైపు ఇదేం వింత కాదు. భోంచేసి వెళ్ళమంటే ఇప్పుడే తిన్నానంటాం. కడుపులో పేగులు అరుస్తున్నా అంటాం. అవతలివాళ్ళకూ ఆ సంగతి తెలుసు గనక రెక్క పుచ్చుకుని పీట మీద కూలేస్తారు. ఇద్దరికీ తృప్తిగా ఉంటుంది.

ఈ అణకువను, ఆ ఫిడేలును వెంటబెట్టుకుని పద్మనాభం గారు బందరులో బి.ఏ. ముగించి, పంతొమ్మిదివందల ముప్పై అయిదులో బారిష్టరు చదువుకని లండన్ వెళ్ళారు. పంపింది బందరులో ప్లీడరీ చేసే మేనమామ. ఓడెక్కిస్తూ ఆయన, "ఆ ఫిడేలెందుకురా నీకు? సరే, ఆ దొరల్లో ఎవడైనా నిన్ను శిష్యుడిగా చేర్చుకుంటే అప్పుడు ఆలోచిద్దాం" అని నవ్వారట. ఆయన నవ్వుతాలకే అన్నారు. మేనల్లుడు మాత్రం ఆ మాటను కొంగున కట్టుకున్నట్టు దాచుకున్నాడు. లా పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించేవి, అర్థం కనిపించేది కాదు.

ఆయన అద్దెకున్న ఇంటి యజమానురాలు మిసెస్ పైక్. మెట్ల మీద నిలబడి ఈయన వాయిద్యం వినేదట. ఆమె అక్క ఆల్డర్టన్ అనే ముసలి ఫిడేలు విద్వాంసుడి ఇంట్లో ఇల్లు చూసుకునే మనిషి. ఆల్డర్టన్ ఏటా ఒక్కరినే కొత్త శిష్యుడిగా తీసుకుంటాడు. ఆ ఏటి చోటు ఇంకా ఖాళీగా ఉంది. హిందూదేశపు కుర్రాడు కింద కూర్చుని ఫిడేలు వాయిస్తాడని అక్కచేత చెప్పించింది మిసెస్ పైక్. ఆయనకు ఆసక్తి పుట్టింది. గురువారం సాయంత్రం తన కచేరీ ఉందని, అది వినడానికి రమ్మని, తర్వాత తనే వచ్చి పలకరిస్తానని కబురు చేశాడు. ఆయన ఔనంటే ఫిడేలు, కాదంటే జీవితాంతం కోర్టు. పద్మనాభం గారి బతుకు ఆ సాయంత్రానికి ముడిపడింది.

గురువారం పొద్దున ఆయన మంచం దిగనే లేదు. మార్చి నెల చలి కొంత, భయం కొంత. వేళ్ళు తీగ మీద జారడానికి రాసుకునే కొబ్బరినూనె ఆ దేశంలో గడ్డకట్టి సున్నంలా తయారయ్యేది. సీసాను చంకలో పెట్టుకుని కరిగిస్తూ, మంచం మీద కూర్చుని, ఏ రాగం ఎత్తుకోవాలో తేల్చుకోలేక గోళ్ళు కొరుక్కుంటున్నారు. భైరవి ఎత్తుకుంటే ఏడుస్తున్నాననుకుంటారేమో. మోహన అయితే అయిదే స్వరాలు, ఇంతేనా ఇతనికి వచ్చిందంటారేమో. అసలు ఎక్కడ కూర్చోవాలి? వాళ్ళు నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. ఈయన చీలమండ మీద ఫిడేలు తల ఆనించి వాయించాలి. దొరగారి గదిలో జోళ్ళు విప్పి, పంట్లాంతో నేల మీద ఎలా కూలబడడం?

అప్పుడు దిగాడు యుగంధర్. దివిసీమలో కోడూరు దగ్గర భూములున్న రైతు బిడ్డ, పంచదార యంత్రాల చదువు చదువుతున్నాడు. గట్టిగా నవ్వడం, గట్టిగా తిట్టడం తప్ప మధ్యస్థం తెలియదు.

"ఏం పంతులూ, పురుడొచ్చినట్టు ఆ మొహమేంటి? లే! ఇక్కడే కూర్చుంటే సాయంత్రానికి వేళ్ళు కూడా మిగలవు, తినేస్తావ్. పద, బొమ్మల కొట్టుకి పోదాం."

"బొమ్మల కొట్టేమిటి?"

"అదే, పటాలు పెట్టే మేడ. ఊరికే చూడనిస్తారు. పొయ్యి కూడా వెచ్చగా ఉంటదంట."

ఫిడేలు గదిలో వదిలి రావడానికి పద్మనాభం గారికి మనసొప్పలేదు. గది తగలబడితే? మిసెస్ పైక్ పిల్లి పెట్టెను కింద పడేస్తే? పెట్టె పట్టుకునే బయల్దేరారు. తీరా ఆ మేడ గుమ్మంలో బంట్రోతు ఆపి, పెట్టె లోపలికి రానివ్వం, ఇక్కడ అప్పగించి బిళ్ళ తీసుకోమన్నాడు. ఈయన బిళ్ళ తీసుకున్నారు గాని ప్రాణం అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళారు.

ఆ పటాలు ఆయన జన్మలో చూడనివి. గోడంత పటాలు, బంగారు చట్రాలు. మామూలు రోజైతే అక్కడే తెల్లారి పొద్దుగూకేది. ఆ రోజు మాత్రం ఒక గది చూడడం, వెనక్కి పరిగెత్తి గుమ్మం దగ్గర పెట్టె ఉందో లేదో చూసుకోవడం. బంట్రోతు మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, చివరికి ఈయన కనిపించగానే పెట్టెను ఎత్తి చూపించడం మొదలుపెట్టాడు. యుగంధర్ ఇదేం పట్టించుకోకుండా సముద్రంలో తుఫాను పటం ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఈ బొమ్మేసినాయన ఉప్పెన చూళ్ళేదు పంతులూ. చూసుంటే నీళ్ళకి ఇంత తెలుపెందుకు ఏస్తాడు? బురద రంగుంటాయి. గడ్డివాములు, పశువులు కొట్టుకొస్తాయి. మా తాత చెప్పేవాడు."

"మెల్లిగా మాట్లాడు, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. చూడ్డానికేగా అందరూ వచ్చింది."

లోపలి గదిలో ఒక చిన్న పటం పద్మనాభం గారిని పట్టుకుని కదలనివ్వలేదు. కిటికీ పక్కన ఒక కుర్రవాడు. చేతిలో ఫిడేలు ఉంది, కమాను దించి ఉంది. వాయించడం అయిపోయిందో, ఇంకా మొదలుపెట్టలేదో తెలియదు. మొహం ఒక పక్కకు తిప్పి ఎవరి మాట కోసమో చూస్తున్నాడు. ఆ కళ్ళలో ఉన్నది తన భయమేనని మాస్టారికి అనిపించిందట. నాకు ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన తన చూపును అలాగే పక్కకు తిప్పి చూపించారు. అంత ముద్దుగా ఉన్న పటం చూసి కూడా, వాడి బొటనవేలు ఫిడేలు మెడకు సరిగ్గా ఆనిందా లేదా అన్నదే ఆలోచించాను జానకీ, అంత చెడ్డ రోజది అన్నారు. చూడడానికి మాత్రం చాలాసేపు నిలబడ్డారట.

మధ్యాహ్నం యుగంధర్ రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలు తెప్పించాడు. ఈయనకు ముద్ద దిగలేదు. దారి పొడుగునా ఒకటే గొణుగుడు. శ్రుతికి తంబురా లేదు, ఏం చెయ్యాలి? యుగంధర్ నేను 'స' పట్టుకుంటానన్నాడు. పట్టుకుని చూపించాడు కూడా. రోడ్డు మీద పోయే ఒక ముసలమ్మ ఉలిక్కిపడింది. ఆ 'స' ఎటు పోతుందో వాడికే తెలియకపోతే ఇక ఫిడేలు దాని వెంట ఎక్కడికని పరిగెత్తుతుంది? ఆ ఆలోచన అక్కడితో మానుకున్నారు.

కచేరీ సాలలో మిసెస్ పైక్ వీళ్ళ కోసం ముందే వచ్చి కూర్చుంది. కూర్చోగానే పద్మనాభం గారి చెవిలో ఒక మాట చెప్పింది. ఆల్డర్టన్ ఇంట్లో ముందుగదిలో కుర్చీలన్నీ గోడవారకు జరిపించారట. మీరు కింద కూర్చుంటారని మా అక్క చెబితే, ఆయనే దగ్గరుండి మంచి తివాచీ పరిపించారు అంది. ఈయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొద్దుటినుంచీ మోసిన బరువుల్లో అన్నిటికంటే పెద్దది దిగిపోయింది. ఇక వాయించడం ఒక్కటే మిగిలింది.

వేదిక మీదికి నలుగురు వచ్చారు. మూడు ఫిడేళ్ళలాంటివి గడ్డాల కింద, ఒక పెద్దది మోకాళ్ళ మధ్య. ఆల్డర్టన్ బట్టతల, బక్కపలచని మనిషి, మొదటి కుర్చీలో కూర్చున్నాడు. మృదంగం లేదు. శ్రుతి లేదు. తాళం వేసేవాడు లేడు. మొదట్లో నలుగురూ నాలుగు గొడవలు ఒకేసారి చెబుతున్నట్టు తోచింది. తర్వాత ఆల్డర్టన్ తీగనొక్కదాన్నే పట్టుకుని దాని వెంట వెళ్ళారు. వెళ్తుంటే మిగతావి కూడా ఒకటొకటిగా కలిశాయి. కోటు లోపల ఈయన కుడిచెయ్యి తనంతట తానే తొడ మీద తాళం వెతుక్కుంటోంది. చప్పుడు కాకుండా ఎడమచేత్తో దాన్ని పట్టుకుని కూర్చున్నారు.

ఒక భాగం అయ్యాక నలుగురూ ఆగారు. సాలలో ఎవరూ కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో యుగంధర్, "శెభాష్!" అన్నాడు, కోడూరు పొలాల్లో అన్నట్టు. నాలుగు వరసల జనం వెనక్కి తిరిగారు. మిసెస్ పైక్ రుమాలు నోట్లో కుక్కుకుంది. పద్మనాభం గారికి కుర్చీ కింద దూరాలనిపించింది. ఆల్డర్టన్ మాత్రం తలెత్తి అటుకేసి చూసి చిన్నగా నవ్వాడు.

తర్వాత నెమ్మదిగా నడిచే భాగం ఒకటి వచ్చింది. దాన్ని గురించి మాస్టారు నాకు మాటల్లో చెప్పలేదు, ఫిడేలు తీసి జ్ఞాపకం ఉన్నంతవరకు వాయించారు. మన రాగం ఏదీ కాదది. కొంచెం మన శంకరాభరణం దారిలో వెళ్తుంది, ఇంతలోనే దారి మార్చేస్తుంది. అది వింటున్నంతసేపు ఆయనకు భయం వెయ్యలేదట. ఆ రోజంతటిలో భయం లేని సమయం అదొక్కటే. ఈ మనిషి దగ్గరే నేర్చుకోవాలి, ఈయన కాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకోవాలి, లేకపోతే నేనెందుకు పుట్టాను అనుకున్నారట.

కచేరీ ముగిసింది. చప్పట్లు ఆగాక మిసెస్ పైక్ వీళ్ళను పక్క వసారాలోకి తీసుకెళ్ళింది. సాల గుమ్మంలో కూడా అప్పగించాల్సి వచ్చిన పెట్టెను పద్మనాభం గారు అక్కడి బంట్రోతు దగ్గర విడిపించుకుని రెండు చేతులా గుండెకు ఆనించుకున్నారు. కొబ్బరినూనె సీసా చంకలో వెచ్చగా కరిగి ఉంది. కాసేపటికి మెడ తుడుచుకుంటూ ఆల్డర్టన్ తనే వచ్చాడు. వచ్చి చెయ్యి చాచాడు.

"మీ గురించి చాలా విన్నాను. మీరు ఫిడేలు వాయిస్తారట. మా ఇల్లు ఇక్కడికి దగ్గరే. వచ్చి నాకు వినిపిస్తారా?"

ఎంత సూటిగా, ఎంత ఆప్యాయంగా అడిగాడో చూడండి. పద్మనాభం గారి నోరు ఆయన ప్రమేయం లేకుండా తెరుచుకుంది. తల వంచి, పెట్టె పట్టుకున్న చేతులతోనే నమస్కారం పెట్టి, దైవాధీనం గారు ఎదురుగా కూర్చుని ఉన్నట్టే చెప్పారు.

"నాకేం పెద్దగా రాదండీ."

ఆల్డర్టన్ ఆయన మొహం చూశాడు. పెట్టె చూశాడు. మళ్ళీ మొహం చూశాడు. "అలాగా," అన్నాడు మెత్తగా. "అర్థమైంది. అయితే నేను బలవంతపెట్టను. వచ్చినందుకు చాలా సంతోషం." మరోసారి చెయ్యి కలిపి, మిసెస్ పైక్‌కు తల వంచి వెళ్ళిపోయాడు.

పద్మనాభం గారు కదలకుండా నిలబడ్డారు. రెండోసారి అడగడానికి వెనక్కి తిరుగుతాడు కదా. స్తంభం దగ్గర తిరుగుతాడు. లేదు, ఎవరితోనో మాట్లాడుతున్నాడు, అది కాగానే తిరుగుతాడు. కోటు వేసుకుంటున్నాడు. తలుపు దగ్గర తప్పకుండా తిరుగుతాడు. తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

"ఏమన్నావ్ నువ్వు?" అన్నాడు యుగంధర్. వాడికి నమ్మకం కుదరలేదు.

"రాదన్నాను. మర్యాదకు."

"ఓరి నీ మర్యాద మండా! ఆయనేమన్నా మీ మేనత్తనుకున్నావా, గడ్డం పట్టుకుని బతిమాలడానికి? ఉండు, నేను పోయి లాక్కొస్తా!"

పద్మనాభం గారు వాడి చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "వద్దు, వద్దు. బాగోదు. ఆయనే మళ్ళీ అడుగుతారు."

"అడగడు పంతులూ! ఈళ్ళు అడగరు! మొన్న నేను ఇంకో రొట్టె వద్దన్నానని పళ్ళెం ఎత్తుకుపోయారు, ఆ రాత్రంతా పస్తున్నా! వదులు!"

"నా మాట విను. పెద్దాయన వెంట పరిగెత్తి నాకొచ్చు నాకొచ్చు అని అరిస్తే ఏమనుకుంటారు?"

"ఏవన్నా అనుకోనీ. నీ గురించి అసలు ఏవీ అనుకోకుండా పోతున్నాడక్కడ!"

ఇలా వీళ్ళిద్దరూ బాగుంటుందా బాగోదా అని పెనుగులాడుతుండగా బయట కారు కదిలిన చప్పుడైంది. మిసెస్ పైక్‌కు తెలుగు రాదు గనక ఏం జరిగిందో బోధపడలేదు. కుర్రాడు ఇంకా సిద్ధంగా లేడు కాబోలని ఆమె కూడా నమ్మేసింది. దారిలో ఆయన భుజం తట్టి, ధైర్యం తెచ్చుకోమని చెప్పింది. ఆ ఓదార్పుకు మాస్టారికి చచ్చిపోవాలనిపించిందట.

మర్నాటినుంచి ఎదురుచూపులు. తపాలా జవాను వీధిలోకి వస్తే మెట్లు దిగేవారు. మిసెస్ పైక్ అక్క దగ్గరికి వెళ్ళి వస్తే ఆమె మొహం వెతికేవారు. నిజం ఆమెతో చెప్పేస్తే సరిపోయేది. చెప్పడానికి సిగ్గు. ఆయన తప్పకుండా మళ్ళీ అడుగుతాడని ఒక పూట నమ్మకం, ఇక అడగడని ఒక పూట దిగులు. తిండి లేదు, నిద్ర లేదు. చివరికి యుగంధర్ తలుపు తన్ని లోపలికి వచ్చి, "నువ్వే పోయి చెప్పు. పోకపోతే నేను పోయి చెప్తా, నా ఇంగ్లీషులో," అని బెదిరించాడు. ఆ బెదిరింపు పనిచేసింది. పద్మనాభం గారు ఫిడేలు తీసుకుని ఆల్డర్టన్ ఇంటికి ఒక్కరే నడిచి వెళ్ళారు. పిలవని ఇంటికి వెళ్ళడం ఆయన జీవితంలో అదే మొదలు.

గుమ్మం ముందు కారు ఆగి ఉంది. నడవలో పెట్టెలు, పరుపుచుట్టలు సర్ది ఉన్నాయి. కచేరీల కోసం ఆల్డర్టన్ వేరే దేశం బయల్దేరుతున్నాడు. టోపీ చేతిలో పట్టుకునే ఈయన్ను గుర్తుపట్టి ఆగాడు. పద్మనాభం గారు ఊపిరి బిగబట్టి, దారంతా నేర్చుకున్న మాట ఒక్క గుక్కలో అప్పజెప్పారు.

"నాకు ఫిడేలు వచ్చండీ. బాగా వచ్చు."

"ఆ రోజు రాదన్నారు కదా?"

"మా వైపు మొదటిసారి అలాగే అంటామండీ."

"మరి నిజం ఎప్పుడు చెబుతారు?"

"మూడోసారి అడిగినప్పుడు."

ఆల్డర్టన్ నవ్వలేదు. టోపీ అంచు వేళ్ళతో తిప్పాడు. "నేను మీ మాట నమ్మాను," అన్నాడు. "మర్నాడే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశాను." ఆయన గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగా బాధపడ్డాడు. ఆయన చెయ్యి కలిపి కారెక్కాడు.

మాస్టారు లా పరీక్ష తప్పి ఇంటికొచ్చారు. మేనమామ పలకరించడం మానేశారు. గుడివాడలో మా వీధి పిల్లలకు ఫిడేలు చెప్పుకుంటూ స్థిరపడ్డారు. ఈ కథంతా విన్నాక నాకు కోపం ఆగలేదు. చేతిలో ఫిడేలుంది, ఎదురుగా ఆయన ఉన్నాడు. కారెక్కేలోపు ఆ నడవలోనే, ఆ పెట్టెల మధ్యే కూర్చుని నాలుగు స్వరాలు వాయించి ఉంటే ఆయన ఆగేవాడేమో, ప్రయాణం మానుకునేవాడేమో!

"అప్పుడైనా ఎందుకు వాయించలేదు మాస్టారూ?" అని అరిచినంత పని చేశాను.

ఆయన నా వంక ఆశ్చర్యంగా చూశారు.

"ఆయన అడగలేదు కదమ్మా," అన్నారు.